కాపీరైట్ క్లెయిమ్‌లతో విసిగిపోయి బీటెక్ మానేస్తానంటే...

ప్రశ్న: విజయవాడలో బీటెక్ సీఎస్ఈ మూడో సంవత్సరం చదువుతున్నాను. చిన్నప్పటి నుంచి వయొలిన్ నేర్చుకుంటున్నాను, యూట్యూబ్‌లో ఒక చిన్న ఛానల్ ఉంది. పోయిన నెలలో మూడు వీడియోలకు కాపీరైట్ స్ట్రైకులు వచ్చాయి. ఒకటి త్యాగరాజ కీర్తన, ఒకటి అన్నమయ్య కీర్తన, ఒకటి సినిమా పాట. త్యాగరాజస్వామి కీర్తన మీద మ్యూజిక్ కంపెనీకి హక్కేమిటి? ఎన్నిసార్లు రాసినా మనిషన్నవాడు జవాబివ్వడు. ఈ టెక్నాలజీ అంటేనే విరక్తి పుట్టింది. బీటెక్ మానేసి, లా చదివి ఇలాంటి కంపెనీల మీద పోరాడాలని ఉంది. నాన్నగారేమో ‘ఆ ఛానల్ మూసేసి ప్లేస్‌మెంట్ సంగతి చూసుకో’ అంటున్నారు. ఏం చేయమంటారు? – ఒక విద్యార్థిని

జవాబు: బీటెక్ మానకండి, ఛానల్ మూయకండి. లా చదవాలా వద్దా అన్నది ఇవాళే తేల్చుకోనక్కర్లేదు. అది తేల్చే పరీక్ష మీ చేతిలోనే ఉంది. ఆ మూడు వీడియోల గొడవను ఎవరికీ అప్పజెప్పకుండా మీరే చివరిదాకా నడపండి. రూల్స్ వెతికి చదవడం, తేదీలు గుర్తుపెట్టుకోవడం, కోపం కనబడకుండా నాలుగు వాక్యాల్లో వాదన రాయడం, ఇవి చేస్తుంటే మీకు హుషారు వస్తే లా మీకు సరిపోతుంది. రెండో రోజుకే ‘ఎవరు పడతారీ బాధ’ అనిపిస్తే మీకు ఉన్నది కోపం మాత్రమే. కోపం న్యాయమైనదే కావచ్చు గానీ, దాన్ని నమ్ముకుని మూడేళ్ల కోర్సులో చేరకూడదు.

ముందు ఒక సవరణ. మీరు స్ట్రైకులు అని రాశారు. 90 రోజుల్లో మూడు స్ట్రైకులు పడితే ఛానలే పోయే పరిస్థితి వస్తుంది. మీది ఇంకా నడుస్తోందంటే వచ్చినవి కంటెంట్ ఐడీ క్లెయిమ్‌లై ఉండాలి. యూట్యూబ్ 2007లో తెచ్చిన ఏర్పాటు ఇది. కంపెనీలు తమ రికార్డింగులను ముందే అక్కడ ఇచ్చి పెడతాయి. మీరు వీడియో పెట్టగానే యంత్రం దాన్ని వాటితో పోల్చి చూసి, కలిస్తే క్లెయిమ్ వేస్తుంది. యాడ్స్ డబ్బు కంపెనీకి పోవచ్చు, లేదా వీడియో ఆగిపోవచ్చు. ఛానల్‌కు మాత్రం దెబ్బ పడదు. ఈ తేడా తెలియక చాలామంది టెన్షన్‌తో వీడియో డిలీట్ చేసేస్తారు. మీరు ఆ పని చేయకండి.

ఇప్పుడు మీ మూడు వీడియోలూ చూద్దాం. మూడింటినీ ఒకే గాట కట్టడానికి లేదు.

సినిమా పాట విషయంలో కంపెనీదే పైచేయి. మీరు సొంతంగా వాయించినా ట్యూన్ మీది కాదు. దాన్ని అలాగే వదిలేయండి.

త్యాగరాజ కీర్తన దగ్గర మీరు గట్టిగా నిలబడవచ్చు. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రచనకు హక్కు రచయిత జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు. త్యాగరాజు 1847లో కాలం చేశారు. కీర్తన అందరిదీ. అయితే ఆ కీర్తనను ఎవరైనా పాడిన రికార్డింగ్‌కు విడిగా హక్కు ఉంటుంది, అది విడుదలైన దగ్గర్నుంచి 60 ఏళ్లు. యంత్రం మీ వయొలిన్‌ను అలాంటి రికార్డింగ్ అనుకుని ఉంటుంది. యూట్యూబ్ స్టూడియోలో ఆ క్లెయిమ్ తెరిస్తే ఏ నిమిషం నుంచి ఏ నిమిషం దాకా కలిసిందో చూపిస్తుంది. అక్కడ ఏం వినిపిస్తోందో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. మృదంగం ట్రాక్ ఎక్కడి నుంచైనా డౌన్‌లోడ్ చేసి వెనక పెట్టారా? తంబురా యాప్ మోగుతోందా? అదే యాప్ శబ్దం ఆ కంపెనీ రికార్డింగ్‌లోనూ ఉంటే యంత్రం పొరబడే అవకాశం ఉంది. అంతా మీరే వాయించి ఉంటే డిస్ప్యూట్ (క్లెయిమ్ తప్పని అభ్యంతరం) వేసి ఇలా రాయండి: ‘ఈ కీర్తనకు సాహిత్యం, సంగీతం త్యాగరాజువి, ఆయన 1847లో మరణించారు. రికార్డింగ్ నాది, ఫలానా తేదీన ఇంట్లో నేను వాయించాను. మీ రికార్డింగ్‌లోని ఏ భాగమూ ఇందులో లేదు.’ అంతే. ‘మీలాంటి దోపిడీ కంపెనీలు...’ అన్న వాక్యం రాయాలనిపిస్తుంది. రాసి, చదువుకుని, తీసేయండి.

అన్నమయ్య కీర్తనే అసలు చిక్కు. లా మీద మీకు ఎంత ఆసక్తి ఉందో తేల్చేదీ అదే. సాహిత్యం పదిహేనో శతాబ్దానిది, దాని మీద ఎవరికీ హక్కు లేదు. కానీ ఆ కీర్తనలు చెక్కిన తిరుమల రాగిరేకుల మీద రాగం పేరు ఉంది తప్ప స్వరం లేదు. ఇవాళ మనం పాడుకునే వరుసల్లో చాలావాటిని ఇరవయ్యో శతాబ్దపు విద్వాంసులు కట్టారు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ 1979లో పోయారు, నేదునూరి కృష్ణమూర్తి 2014లో. వారు కట్టిన వరుసకు హక్కు ఇంకా నడుస్తూనే ఉంటుంది. ఆ హక్కు ఇప్పుడు వారసుల దగ్గర ఉందా, రాయించుకున్న సంస్థ దగ్గర ఉందా అన్నది మరో ప్రశ్న. కాబట్టి ముందు మీరు వాయించిన వరుస ఎవరిదో మీ గురువుగారిని అడిగి తెలుసుకోండి. ఈ పేరా చదువుతుంటే ‘అబ్బ, భలే ఉందే’ అనిపించిందా, తల తిరిగిందా? నిజాయితీగా చెప్పుకోండి.

డిస్ప్యూట్ వేశాక క్లెయిమ్ వేసినవారికి 30 రోజుల గడువు. వాళ్లు పలకకపోతే క్లెయిమ్ దానంతటదే పోతుంది. కాదంటే మీరు అప్పీలు చేయవచ్చు, దానికి వాళ్లకు ఏడు రోజులు. అప్పుడూ ఒప్పుకోకపోతే వాళ్లు వీడియో తీయించమని అధికారికంగా నోటీసు ఇవ్వాలి, అప్పుడు పడేది నిజమైన స్ట్రైక్. దానికి మీరు కౌంటర్ నోటిఫికేషన్ (ఎదురు నోటీసు) ఇస్తే, పది పనిదినాల్లోగా వాళ్లు కోర్టుకు వెళ్లినట్టు చూపించాలి, లేదంటే వీడియో తిరిగొస్తుంది. డిస్ప్యూట్, అప్పీలు యూట్యూబ్ సొంత ఏర్పాటు; నోటీసు, కౌంటర్ నోటిఫికేషన్ మాత్రం అమెరికా 1998లో చేసిన డీఎంసీఏ అనే కాపీరైట్ చట్టం చలవ. మన చట్టంలో 60వ సెక్షన్ అని ఒకటుంది. ఆధారం లేకుండా కాపీరైట్ పేరుతో బెదిరిస్తే బెదిరించినవారి మీదే కోర్టుకెళ్లి నష్టపరిహారం అడగవచ్చు. దాని సంగతి చాలామందికి తెలియదు.

ఫిర్యాదు చేసినవారే మొదటి తీర్పూ ఇవ్వడమేమిటని మీకు మండుతుంది. నాకూ మండుతుంది. 2018లో జేమ్స్ రోడ్స్ అనే బ్రిటిష్ పియానో విద్వాంసుడు ఇంట్లో బాఖ్ సంగీతం వాయించి ఫేస్‌బుక్‌లో పెడితే, అందులో 47 సెకన్లు తమవని సోనీ మ్యూజిక్ పేరుతో క్లెయిమ్ వచ్చింది. బాఖ్ పోయింది 1750లో. జనం గోల చేశాక గానీ అది వెనక్కి పోలేదు. అదే ఏడాది సెబాస్టియన్ టామ్‌చాక్ అనే ఆస్ట్రేలియా సంగీతకారుడు, తాను తయారుచేసిన పది గంటల వట్టి ‘హిస్స్’ శబ్దం మీద ఐదు క్లెయిమ్‌లు వచ్చాయని చూపించాడు. మన దేశంలో 2025 మేలో మోహక్ మంగల్ అనే యూట్యూబర్, కొన్ని సెకన్ల క్లిప్పులకు స్ట్రైకులు వేసి లక్షల్లో ఫీజు అడిగారని ఏఎన్ఐ వార్తాసంస్థ మీద ఆరోపణ చేశారు. చట్టం ఇచ్చిన హక్కునే వాడుకున్నామని ఆ సంస్థ అంది. వ్యవహారం ఢిల్లీ హైకోర్టుకెక్కింది. యంత్రం తప్పు చేయడం ఒక ఎత్తు, ఆ తప్పును దిద్దించుకునే భారం ఎప్పుడూ చిన్నవాడి నెత్తినే పడటం ఇంకో ఎత్తు. ఈ రెండోది లాయరు పని, మొదటిది ఇంజినీరు పని. మీరు మూడో సంవత్సరం సీఎస్ఈలో ఉన్నారు, కర్ణాటక సంగీతం తెలుసు. చదువు మధ్యలో వదిలేస్తే ఈ రెండింటిలో ఒక చెయ్యి మీరే నరుక్కున్నట్టు.

ఫైనలియర్ ప్రాజెక్టుకు ఆడియో ఫింగర్‌ప్రింటింగ్ (శబ్దాన్ని బట్టి రికార్డింగ్‌ను యంత్రం గుర్తుపట్టే పద్ధతి) తీసుకోండి. షజామ్ యాప్ పాటను గుర్తుపట్టే పద్ధతిని దాన్ని రూపొందించిన ఇంజినీరే 2003లో వ్యాసంగా ప్రచురించారు. శబ్దంలో బలంగా ఉన్న బిందువులను ఏరి, వాటి జతలను పోల్చడమే దాని కిటుకు. పైథాన్‌లో మీరే రాయగలరు. ఒకే కీర్తనను నలుగురు వాయించిన రికార్డింగులు పెట్టి, యంత్రం ఎక్కడ బోల్తా పడుతుందో చూపించండి. బార్సిలోనాలోని పాంపెయు ఫాబ్రా విశ్వవిద్యాలయం 2011లో మొదలుపెట్టిన కాంప్‌మ్యూజిక్ ప్రాజెక్టు కర్ణాటక సంగీతం మీదా పనిచేసింది, ఐఐటీ మద్రాస్ అందులో భాగస్వామి. వాళ్ల పరిశోధన పత్రాలు నెట్‌లో ఉన్నాయి. ప్లేస్‌మెంట్ ఇంటర్వ్యూలో అందరూ చెప్పే హాస్పిటల్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ కన్నా ఇది బాగా వినిపిస్తుంది. మీ నాన్నగారికి ఈ ముక్క చెప్పండి.

తర్వాత కూడా లా మీద మనసుంటే, డిగ్రీ అయ్యాక లాసెట్ రాసి మూడేళ్ల ఎల్ఎల్‌బీ చేయవచ్చు. జనరల్ కేటగిరీకి డిగ్రీలో 45 శాతం ఉండాలి. బీటెక్ వాళ్ల కోసం ఐఐటీ ఖరగ్‌పూర్‌లో రాజీవ్ గాంధీ స్కూల్ ఆఫ్ ఇంటెలెక్చువల్ ప్రాపర్టీ లా ఉంది, మీలాంటివారికి అదే మేలు. కోర్టులో వాదించాలంటే ఆపైన ఆలిండియా బార్ ఎగ్జామ్ రాయాలి. పేరున్న లాయరు దగ్గర జూనియర్‌గా చేరితే మొదటి కొన్నేళ్లు చేతికి వచ్చేది తక్కువ. ఇంట్లో ఆ ఓపిక ఉందో లేదో ముందే మాట్లాడుకోండి. పూర్తిగా దిగకుండా రుచి చూడాలంటే హైదరాబాద్‌లోని నల్సార్ లా యూనివర్సిటీ దూరవిద్యలో మీడియా లా, సైబర్ లా డిప్లొమాలు ఉన్నాయి. పేటెంట్ ఏజెంట్ పరీక్ష గురించి కూడా ఎవరో ఒకరు చెబుతారు. బీటెక్‌తో రాయొచ్చు, మంచి ఉద్యోగమే, కానీ అది పేటెంట్ల పని, మీ గొడవకు సంబంధం లేదు.

మీకు నచ్చని సంగతి ఒకటి చెప్పాలి. ఈ రంగంలో కొత్తవారికి దొరికే ఉద్యోగాల్లో ఎక్కువ భాగం అవతలి పక్షానివే. హైదరాబాద్‌లో మ్యూజిక్ కంపెనీలు, సినిమా నిర్మాతల తరఫున హక్కులు చూసే సంస్థలు మనుషులను తీసుకునేది క్లెయిమ్‌లు వేయడానికి, వచ్చిన డిస్ప్యూట్లు చూడటానికి. ఇటువైపు నిలబడే ఉద్యోగాలు జీతంతో అంతగా ఉండవు. అయినా వేసవి సెలవుల్లో అలాంటి చోట ఇంటర్న్‌షిప్ దొరికితే వెళ్లమనే అంటాను. మీ డిస్ప్యూట్‌ను అవతల ఎవరు తెరుస్తారు, దానికి ఎంతసేపు కేటాయిస్తారు, ఏం రాస్తే ఒప్పుకుంటారు అన్నది బయట ఏ క్లాసులోనూ చెప్పరు. పైరసీతో నష్టపోయే చిన్న నిర్మాత గోడు కూడా అక్కడే వింటారు. అది విన్నాక మీ కోపం కొంత మారవచ్చు, మారకపోనూవచ్చు.

ఈ వారంలో మాత్రం రెండు పనులు చేయండి. మూడు క్లెయిమ్‌ల స్క్రీన్‌షాట్లు తీసి తేదీలతో సహా ఒక ఫోల్డర్‌లో పెట్టండి. త్యాగరాజ కీర్తనకు డిస్ప్యూట్ వేయండి. అన్నమయ్యది గురువుగారితో మాట్లాడేదాకా ఆపండి. ఛానల్‌కు డబ్బులు వస్తుంటే ఇంకోటి గుర్తుంచుకోండి: ఇకమీదట క్లెయిమ్ వచ్చిన ఐదు రోజుల్లోపు డిస్ప్యూట్ వేస్తే మొదటి రోజు నుంచి వచ్చే ఆదాయాన్ని యూట్యూబ్ ఎవరికీ ఇవ్వకుండా పక్కన పెడుతుంది. ఈసారికి ఆ గడువు దాటిపోయింది.