నెలాఖరుకి ఖాళీ చెయ్యమంటే చెయ్యాల్సిందేనా?

ప్రశ్న: మాది రాయదుర్గం. నాలుగేళ్లుగా ఒకే ఇంట్లో బాడుగకు ఉంటున్నాం. మొదట్లో వంద రూపాయల స్టాంపు కాగితం మీద పదకొండు నెలలకు అగ్రిమెంటు రాసుకున్నాం, ఆ తర్వాత మళ్లీ రాసుకోలేదు. నెలకు 6,500 బాడుగ, ఐదో తేదీ లోపు ఫోన్‌పేలో వేసేస్తాను. అడ్వాన్సు 30,000 ఇచ్చాం. ముందు గదిలో రెండు మిషన్లు పెట్టుకుని జీన్స్ ప్యాంట్లు జాబ్ వర్కుకు కుడతాను. సంక్రాంతి అయిన మర్నాడు ఓనరు వచ్చి, కొడుకు పెళ్లి కుదిరింది, నెలాఖరుకి ఖాళీ చెయ్యండి అని చెప్పిపోయారు. చెయ్యకపోతే కరెంటు తీసేస్తానంటున్నారు. పాప పదో తరగతి, మార్చిలో పరీక్షలు. మిషన్లు ఉన్నాయి కాబట్టి ఆరు నెలల నోటీసు ఇవ్వాలని మా మరిది అంటున్నాడు. పక్కింటావిడేమో మూడు నెలలంటోంది. ఏది నిజం?
- ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, వాకిట్లో నిలబడి నోటితో చెప్పిపోయింది నోటీసు కిందికి రాదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, సెక్షన్ 106 ప్రకారం నోటీసు కాగితం మీద ఉండాలి, ఓనరు గానీ ఆయన తరఫున లాయరు గానీ సంతకం పెట్టాలి. దాన్ని పోస్టులో పంపాలి, లేదా మీ చేతికి గానీ, ఇంట్లో మీ కుటుంబంలో ఒకరికి గానీ అందించాలి. అలా కుదరకపోతే ఇంటికి అందరికీ కనపడేచోట అంటించాలి. కాబట్టి ఈ నెలాఖరుకి సామాన్లు సర్దుకోవాల్సిన పని లేదు.

ఇక ఎన్ని రోజులన్నది. మీ అగ్రిమెంటు పదకొండు నెలలకే అయిపోయింది. గడువు తీరిన ఆ రోజే ఆయన వెళ్లిపొమ్మని ఉంటే వేరే నోటీసు కూడా అక్కర్లేకపోయేది. ఆయన అలా అనలేదు, నెలనెలా బాడుగ తీసుకుంటూనే ఉన్నారు. ఇలాంటప్పుడు సెక్షన్ 116 ప్రకారం నివాసపు ఇల్లు నెలవారీ బాడుగ కింద కొనసాగినట్టు లెక్క. నెలవారీ బాడుగను ముగించడానికి చట్టం అడిగేది 15 రోజుల నోటీసు. అది కూడా నోటీసు మీద వేసిన తేదీ నుంచి కాదు, మీకు అందిన రోజు నుంచి లెక్క. మీరే వెళ్లిపోదలిస్తే ఓనరుకు ఇవ్వాల్సిందీ ఇంతే.

పదిహేనేనా అని గుండె జారిందేమో. పాత అగ్రిమెంటు ఒకసారి బయటికి తీసి చూడండి. "ఖాళీ చేయించాలంటే ఒక నెల ముందు తెలపాలి" అన్న వాక్యం మన వైపు అగ్రిమెంట్లలో చాలా వాటిలో ఉంటుంది. ఇద్దరూ రాసుకున్న ఒప్పందం ఉంటే చట్టంలోని 15 రోజుల కంటే దానికే విలువ. గడువు తీరినా పాత షరతుల మీదే కొనసాగుతున్నామని వాదించే వీలుంది. మూడు నెలలన్నది మాత్రం ఈ సెక్షన్‌లో లేదు. ఆవిడ తన అగ్రిమెంటులో అలా రాసుకుని ఉంటారు.

మీ మరిది మాట పూర్తిగా గాలి మాట కాదు. వ్యవసాయానికో, వస్తువుల తయారీకో ఇచ్చిన బాడుగను ఏడాదివారీ బాడుగగా భావించి ఆరు నెలల నోటీసు ఇవ్వాలని అదే సెక్షన్ 106లో ఉంది. కానీ మీరు ఇల్లు తీసుకున్నది కాపురానికి. ముందు గదిలో రెండు మిషన్లు పెట్టినంత మాత్రాన అది ఫ్యాక్టరీ అయిపోదు. ఇంకో చిక్కు కూడా ఉంది. ఏడాదివారీ లీజు చెల్లాలంటే సెక్షన్ 107 ప్రకారం రిజిస్టర్ అయి ఉండాలి. రిజిస్టర్ కాని తయారీ లీజు నెలవారీ కిందికే వస్తుంది, దానికి 15 రోజుల నోటీసే చాలని సుప్రీంకోర్టు 2001లో చెప్పింది. అందరూ పదకొండు నెలలకే రాసుకునేది ఈ రిజిస్ట్రేషన్ ఖర్చు తప్పించుకోవడానికే కదా! ఆ ఖర్చు మిగిలింది, దాంతో పాటే ఆరు నెలల నోటీసూ పోయింది. రాయదుర్గంలో షెడ్డు బాడుగకు తీసుకుని పదీ ఇరవై మిషన్లు నడుపుతున్నవాళ్లు మాత్రం దీన్ని గుర్తుపెట్టుకోవాలి. నా దగ్గరికి వచ్చే షెడ్డు అగ్రిమెంట్లు చాలా వరకు పదకొండు నెలలవే.

ఆ మిషన్ల గురించి మీరే పెద్దగా ఎత్తకండి. కాపురానికని తీసుకున్న ఇంటిని వేరే పనికి వాడుకున్నారని ఓనరు ఎదురు తిప్పగలరు.

నోటీసు వస్తే తీసుకోండి. అనంతపురం కోర్టులో నేను చూసిన ఒక కేసులో బాడుగకున్నాయన మూడుసార్లు పోస్టు వాపసు పంపాడు. కవరు ముట్టుకోకపోతే నోటీసు అందనట్టేనని ఎవరో చెప్పారట. కవరు మీద పోస్ట్‌మ్యాన్ "తీసుకోవడానికి నిరాకరించారు" అని రాసి, తేదీ వేసి, పొట్టి సంతకం పెట్టాడు. ఓనరు లాయరు ఆ కవర్లను చింపకుండా అలాగే జడ్జి గారి ముందు పెట్టాడు. సరైన అడ్రసుకు వచ్చిన పోస్టును కావాలని వద్దంటే అందినట్టే భావిస్తారు. లోపల ఏం రాసి ఉందో తెలియకపోవడం ఒక్కటే ఆయనకు మిగిలింది.

నోటీసులో రోజులు తక్కువిచ్చారు కాబట్టి కేసు కొట్టేస్తారని ధీమాగా ఉండటం కూడా తప్పే. పాత రోజుల్లో ఆ గడువు సరిగ్గా బాడుగ నెల ఆఖరి రోజుతోనే ముగియాలి, ఒక రోజు తేడా వచ్చినా ఏళ్ల తరబడి నడిచిన దావాలు పోయేవి. 2002 డిసెంబరు 31 నుంచి అమల్లోకి వచ్చిన సవరణతో అది మారింది. నోటీసులో పది రోజులే రాసినా, 15 రోజులు గడిచాక దావా వేస్తే ఆ నోటీసు చెల్లుతుంది.

రోజుల లెక్క మీదే అందరి ధ్యాసా. నేనైతే దానికి రెండో చోటే ఇస్తాను. నోటీసు గడువుతో ముగిసేది మీ బాడుగ హక్కు. మిమ్మల్ని బయటికి పంపే అధికారం ఆ కాగితంతో ఓనరుకు రాదు. పదహారో రోజు మీరు ఇంట్లోనే ఉంటే ఆయన కోర్టులో దావా వేసి డిక్రీ, అంటే ఖాళీ చెయ్యాలన్న కోర్టు ఉత్తర్వు, తెచ్చుకోవాలి, దాన్ని అమలు చేయించుకోవాలి. తాళం మార్చడం, సామాన్లు వీధిలో పెట్టడం, మనుషుల్ని పంపడం కుదరదు. అలా బలవంతంగా వెళ్లగొడితే స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 6 కింద ఆరు నెలల లోపు దావా వేసి ఇంట్లోకి తిరిగి రావచ్చు. ఇల్లు ఎవరిదన్న ప్రశ్న ఆ దావాలో రాదు. కరెంటు తీసేస్తానన్న బెదిరింపుకు ఇంజంక్షన్, అంటే ఆ పని చెయ్యకూడదన్న కోర్టు ఉత్తర్వు, అడగవచ్చు. ఇప్పుడే మీటరు, మెయిన్ స్విచ్ ఫొటోలు తీసి పెట్టుకోండి. ఆయన వాట్సాప్‌లో బెదిరిస్తే చెరిపెయ్యకండి.

పట్టణాల్లో రాష్ట్ర అద్దె చట్టం వర్తించే ఇళ్లకు నోటీసు ఒక్కటే సరిపోదు. బాడుగ ఎగ్గొట్టారనో, ఇల్లు సొంతానికి అవసరమనో చట్టంలో ఉన్న కారణాన్ని నిరూపించాలి, కేసు వేసే చోటు కూడా మారుతుంది. మీ ఇంటి కాగితాలు చూడకుండా దీని మీద నేను మాట ఇవ్వను. ఏ లాయరు దగ్గరికి వెళ్లినా మొదట అడగాల్సింది ఇదే. లాయరు ఫీజు గురించి దిగులు పడకండి. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. కోర్టు ఆవరణలోని న్యాయ సేవల సంస్థకు వెళ్లినా సరే, 15100కి ఫోన్ చేసినా సరే.

అలాగని కోర్టు ఉంది కదా అని రెండేళ్లు కదలకుండా కూర్చోమనడం లేదు. నోటీసు గడువు తీరాక ఉన్న కాలానికి ఆయన నష్టపరిహారం అడగవచ్చు. అది మీ 6,500 దగ్గరే ఆగాలని లేదు, ఇవాళ్టి మార్కెట్ బాడుగ లెక్కన వేస్తారు. పైగా పెళ్లి పెట్టుకున్న ఇంటాయనతో తగువు ఎందుకు? పాప పరీక్షలు ఎప్పుడవుతాయో చెప్పి, "ఏప్రిల్ 30కి ఖాళీ చేస్తాం, అప్పటిదాకా ఇబ్బంది పెట్టకూడదు" అని ఇద్దరూ ఒక కాగితం మీద సంతకాలు పెట్టుకోండి. కొంచెం పరువున్న ఓనరైతే ఒప్పుకుంటాడు, దావా వేసినా ఏప్రిల్ లోపు ఇల్లు చేతికి రాదని ఆయన లాయరే చెబుతాడు. బాడుగ మాత్రం ఒక్క నెలా ఆపకండి. ఫోన్‌పే ఆపమంటే మనియార్డరు చేసి రసీదు దాచుకోండి.

ఆ కాగితంలోనే అడ్వాన్సు సంగతీ రాయించండి. ఇల్లు వదిలేటప్పుడు పెయింటింగ్‌కని ఐదో పదో వేలు కోసుకోవడం మన ఊళ్లలో మామూలైపోయింది. కాలంతో వెలిసిన సున్నానికి మీ బాధ్యత లేదు, మేకులు కొట్టి పగలగొట్టిన గోడకు ఉంది. వెళ్లే రోజు ఆయనను ఇంటికి పిలిచి గది గదీ చూపించండి, ఆఖరి కరెంటు బిల్లు అక్కడే కట్టెయ్యండి. 30,000 మీ ఖాతాలో పడిన మెసేజ్ చూశాకే తాళంచెవి ఇవ్వండి.