మనిషి గుండెలోని ఎంజైము ఈస్టులో ఎలా తయారవుతుంది?

ప్రశ్న: గుండె జబ్బుల పరిశోధన కోసం మనిషి ఎంజైములను ఈస్టులో తయారుచేస్తారని చదివాను. అదెలా సాధ్యం? బ్యాక్టీరియా ఎందుకు పనికిరాదు? – ఒక పాఠకురాలు

జవాబు: కైమేజ్ అనే ఎంజైమును తీసుకుని చెబుతాను. రక్తపోటును పెంచే యాంజియోటెన్సిన్ 2 అనగానే దానిని తయారుచేసే ఏసీఈ అనే ఎంజైమే గుర్తుకు వస్తుంది. అయితే పది అమైనో ఆమ్లాల యాంజియోటెన్సిన్ 1 చివర రెండింటిని కోసి ఆ పదార్థాన్ని తయారుచేసే కైమేజ్‌ను 1990లో ఉరాటా, హుసేన్‌ల బృందం మనిషి గుండె నుంచే వేరుచేసింది. ఏసీఈని అడ్డుకునే మందులకు ఇది లొంగదు కనుక దీనిని విడిగా పరిశీలించక తప్పదు. గుండె కణజాలమేమో కావలసినంత దొరకదు. ఎలుకల కైమేజ్‌లు మన కైమేజ్‌కు అచ్చంగా సరిపోలవు.

మనిషి జన్యువును ఈ.కోలి బ్యాక్టీరియాలో పెడితే ఇటువంటి ప్రోటీను సరిగా మడత పడక, చాలాసార్లు కణంలోనే ముద్దకడుతుంది. దానికి ఉండవలసిన చక్కెర గొలుసులూ అతుక్కోవు. పికియా పాస్టోరిస్ అనే ఈస్టు ఈ రెండు పనులూ చేయగలదు. మిథనాల్ అందగానే పనిచేసే స్విచ్చు వెనుక జన్యువును అమర్చి, ప్రోటీనుకు ముందు బయటికి దారి చూపే ఒక చిన్న తోకను తగిలిస్తారు.

నా దృష్టిలో అసలు నేర్పు ఆ తోకను తెంచే చోట ఉంది. కైమేజ్ మొదటి అమైనో ఆమ్లమైన ఐసోల్యూసిన్ అణువు లోపలికి ఒదిగితేనే ఎంజైముకు చురుకు వస్తుంది. దాని ముందు ఒక్క అమైనో ఆమ్లం అదనంగా మిగిలినా ఆ ఒదుగుదల కుదరదు. అందుకే ఈస్టులోని కెక్స్2 అనే ఎంజైము సరిగ్గా ఐసోల్యూసిన్ ముందే కోసేటట్లు జన్యువును రూపొందిస్తారు. ఈస్టు తనకు అలవాటైన మానోజ్ అనే చక్కెర పొడవైన గొలుసులను అతికించకుండా, పొట్టి గొలుసులతో సరిపెట్టే మార్పిడి రకాలూ ఉన్నాయి.

బయటికి వచ్చిన ద్రవాన్ని వడపోసి, శుద్ధిచేశాక, ఎంజైము కోయగానే పసుపురంగు విడుదలయ్యే ఒక చిన్న పెప్టైడును (కొద్ది అమైనో ఆమ్లాల గొలుసును) కలుపుతారు. రంగు చిక్కబడే వేగమే దాని చురుకుకు కొలత. అయితే ఈస్టుకు సొంత ప్రోటియేజ్‌లు, అంటే ప్రోటీన్లను కోసే ఎంజైములు, ఉన్నాయి కనుక ఆ రంగును వెంటనే నమ్మకూడదు. జన్యువు లేని ఈస్టు ద్రవంలోనూ అదే పరీక్ష చేయాలి. కైమోస్టాటిన్ అనే నిరోధకం కలిపినప్పుడు అసలు నమూనాలో రంగు మారడం ఆగుతుందో లేదో కూడా చూడాలి.