వార్డు కౌన్సిలర్ చేతిలో అసలు ఏముంది? మా అమ్మ ఐదేళ్ళ పని చూసి చెబుతున్నాను

మీరు అడిగింది ఇది: వీధి కుళాయి నీళ్ళు మురుగు వాసన వస్తున్నాయి, కౌన్సిలర్‌కు చెబితే "కమిషనర్‌తో మాట్లాడతా" అంటున్నారు, నెలలు గడుస్తున్నా పని కావడం లేదు, ఆయన చేతిలో ఏమైనా ఉందా లేదా?

ఉంది. కాకపోతే మనం అనుకునేది కాదు. పైపు మార్చమని కౌన్సిలర్ ఆర్డర్ ఇవ్వలేరు, చెక్కు మీద సంతకం పెట్టలేరు. అంచనా వేసేది ఇంజినీరింగ్ విభాగం, అమలు చేసేది కమిషనర్, ఆమోదించేది కౌన్సిల్ మొత్తం. అందులో మీ కౌన్సిలర్‌ది ఒక్క ఓటు. కానీ మీ వీధి సంగతి ఆధారాలతో పట్టుకుని, దాన్ని తీర్మానం దాకా, ఆ తర్వాత పని పూర్తయ్యేదాకా వెంటపడాల్సిన మనిషి మాత్రం ఆయనే. ఆయన పట్టించుకోకపోతే ఆ కుర్చీల్లో మీ వీధి గురించి మాట్లాడేవాళ్ళు ఇంకెవరూ ఉండరు.

2014 మున్సిపల్ ఎన్నికల్లో మా వార్డు మహిళకు రిజర్వ్ అయితే అమ్మ నిలబడి గెలిచింది. గుంటూరు జిల్లాలో ఒక మున్సిపాలిటీ. 2019లో పదవీకాలం అయిపోయేదాకా అర్జీలు రాసిపెట్టింది, కాగితాలు దాచింది నేనే. భార్య గెలిస్తే భర్త పెత్తనం చేయడం చాలా ఊళ్ళలో ఉంది. మా ఇంట్లో ఆ మాట అమ్మ మొదట్లోనే తేల్చేసింది, నాన్న మీటింగ్ హాలు గుమ్మం తొక్కలేదు. దీనివల్ల వార్డుకు మంచే జరిగింది. బిందె అడుగున ఏం పేరుకుంటోందో, పిల్లాడికి విరేచనాలు ఏ రోజు మొదలయ్యాయో ఆడవాళ్ళు అమ్మతో చెప్పినంత వివరంగా ఇంకెవరితోనూ చెప్పేవాళ్ళు కాదు.

పొద్దున్నే ఇంటికి వచ్చేవాళ్ళలో సగానికి పైగా కౌన్సిలర్‌కు నేరుగా సంబంధం లేని పనుల మీద వచ్చేవాళ్ళు. ఆగిపోయిన పింఛను, రేషన్ కార్డులో పేరు, పక్కింటితో గోడ తగాదా, ఆసుపత్రిలో మంచం. "ఇది నా పని కాదు" అని అమ్మ ఎవరినీ పంపలేదు. ఏ ఆఫీసు, ఏ సీటు, ఏ కాగితం కావాలో చెప్పేది, లేకపోతే ఫోన్ చేసేది. దీని గురించి ఏ చట్టంలోనూ ఉండదు కానీ పొద్దుటి సమయమంతా దీనికే పోయేది.

ఇక నీళ్ళ సంగతి. మీ సమస్యే మా వార్డు చివరి వీధుల్లోనూ వచ్చింది. నీళ్ళు వదలగానే కాసేపు నల్లగా, వాసనతో వచ్చేవి. అడిగితే ఆఫీసులో "ట్యాంకు దగ్గర క్లోరిన్ సరిగ్గానే ఉంది" అనేవారు. అది అబద్ధం కాదు. ట్యాంకు దగ్గర బాగున్న నీళ్ళే దారిలో పాడవుతున్నాయి. పాత వీధుల్లో ఇళ్ళ కనెక్షన్ పైపులు సైడు కాలువలో నుంచే పోతాయి. అవి తుప్పు పట్టి చిల్లులు పడితే, నీళ్ళు వదలని వేళ పైపులో ఒత్తిడి ఉండదు కాబట్టి కాలువలోని మురుగు లోపలికి చేరుతుంది. పైగా కొందరు కుళాయికే మోటారు బిగిస్తారు, అది లాగే ఊపుకు మురుగు మరింత వస్తుంది.

అమ్మ తెల్లవారుజామున నీళ్ళు వదిలే వేళకి ఫిట్టర్‌ని వెంటబెట్టుకుని చివరి ఇళ్ళ దగ్గరకు వెళ్ళేది. చిన్న గాజు గొట్టంలో నీళ్ళు పట్టి మందు చుక్కలు వేస్తే, క్లోరిన్ ఉన్నప్పుడు పసుపు రంగుకు తిరుగుతుంది. కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. మా చివరి ఇళ్ళలో రంగే మారలేదు. ఏ డోర్ నంబరు, ఏ సమయం, రంగు ఎలా ఉంది అన్నది రాసి, కింద ఫిట్టర్ చేత, శానిటరీ ఇన్‌స్పెక్టర్ చేత సంతకాలు పెట్టించింది. ఆ కాగితం చేరాక ఆఫీసులో "ట్యాంకు దగ్గర బాగుంది" అన్న మాట మళ్ళీ వినపడలేదు.

మోటార్ల విషయం ఇంకా కష్టమైంది. తనకు ఓటేసిన ఇళ్ళకే వెళ్ళి మోటారు తీసేయమని చెప్పాలి. కొందరు మొహం మీదే తలుపు వేశారు. అయినా ఇంటింటికీ తిరిగింది. నా దృష్టిలో మంచి కౌన్సిలర్ ఎవరో ఇక్కడే తెలుస్తుంది. రోడ్డు వేయించి కొబ్బరికాయ కొట్టడం ఎవరైనా చేస్తారు.

కౌన్సిల్ మీటింగ్ గురించి కూడా ఒక మాట తెలుసుకోండి. అజెండాలో లేని సంగతులు లేవనెత్తే జీరో అవర్‌లో ఎంత గట్టిగా మాట్లాడినా మర్నాడు పేపర్లో వస్తుంది, అంతే. పని జరగాలంటే అది అజెండాలో అంశంగా రావాలి. అమ్మ ముందుగానే చైర్‌పర్సన్‌కు, కమిషనర్‌కు రాతపూర్వకంగా ఇచ్చి, పరీక్షల కాగితాలు జతచేసి అజెండాలో పెట్టించింది. తీర్మానం అయింది. పైపులు వెంటనే మారిపోతాయనుకున్నాం. కానీ ముందు ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజినీర్, అంచనా వేయాలి, టెండరు పిలవాలి. మొదటి పిలుపుకు ఎవరూ రాలేదు, పాత బిల్లులు రాలేదని కాంట్రాక్టర్లు వెనకాడారు. అదే సమయంలో, 2018 మార్చిలో, గుంటూరు నగరంలో కలుషిత నీటితో డయేరియా ప్రబలి ప్రాణాలు పోయాయి. అప్పుడు మా దగ్గర ఫైలు చకచకా కదిలింది. మనుషులు పోతే తప్ప ఫైలు కదలదా అని అమ్మ ఆ రోజు ఏడ్చింది. పైపులు కాలువలోంచి తీసి పక్కకు మార్చాక, గుంతలు పూడ్చకముందే మళ్ళీ అదే పరీక్ష చేయించింది.

అందుకే మీరు వట్టి ఫిర్యాదుతో వెళ్ళకండి. చివరి నాలుగైదు ఇళ్ళ డోర్ నంబర్లు, నీళ్ళు వచ్చే సమయం, వాసన ఎంతసేపు ఉంటోంది, పైపు కాలువలో ఎక్కడ మునిగి ఉంది, ఫోటోలు, ఇవన్నీ ఒక కాగితం మీద పెట్టి వీధివాళ్ళ సంతకాలతో ఇవ్వండి. రెండో కాపీ మీద ముద్ర వేయించుకోండి. మీ కౌన్సిలర్‌ని "మాట్లాడారా?" అని అడగకండి, "వచ్చే అజెండాలో పెట్టించారా?" అని అడగండి. ఆయన మంచివారైతే ఈ కాగితమే ఆయనకు బలం. ఆంధ్రప్రదేశ్‌లో ఉంటే వార్డు సచివాలయంలో నీళ్ళలాంటి సౌకర్యాలు చూసే ఎమినిటీస్ సెక్రటరీ దగ్గర కూడా ఇవ్వండి, మా అమ్మ రోజుల్లో ఈ సచివాలయాలు లేవు, 2019 అక్టోబరులో వచ్చాయి. మీది హైదరాబాద్ అయితే దారి వేరు. అక్కడ తాగునీరు, మురుగునీరు చూసేది జలమండలి, కాబట్టి ముందు 155313కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకుని, ఆ నంబరుతో కార్పొరేటర్ దగ్గరకు వెళ్ళండి.

నీళ్ళు బాగుపడేదాకా కాచి చల్లార్చినవే తాగండి. చంటిపిల్లలున్న ఇళ్ళకు మీరే వెళ్ళి ఈ సంగతి చెప్పండి, ఎవరికైనా విరేచనాలు మొదలైతే ఆ తేదీ కూడా మీ కాగితంలో రాయండి.