బయాప్సీ ముక్క చాలలేదట, జీన్ టెస్టుకు మళ్లీ తీయించాలా?

అన్నా, నాన్నగారికి ఊపిరితిత్తుల్లో అడినోకార్సినోమా అనే రకం క్యాన్సర్ అని తేలిందనీ, ఏ మందు సరిపోతుందో తేల్చేందుకు క్యాన్సర్ కణాల జీన్‌లలో మార్పులు చూసే జీన్ టెస్టుకు పంపితే శాంపిల్ చాలదని తిప్పి పంపారనీ రాశారు. ఇంకోసారి సూది గుచ్చనివ్వాలా అని మీ భయం. మాది మిర్యాలగూడ. మా అమ్మకూ ఇదే జరిగింది. నాన్నగారికి ఓపిక ఉండి, డాక్టరు సరే అంటే తీయించండి. అంతకన్నా ముందు, మొదట తీసిన ముక్క తాలూకు బ్లాక్ ఏ ల్యాబులో ఉందో కనుక్కోండి. అడిగితే సంతకం పెట్టించుకుని ఇస్తారు.

బ్లాక్ అంటే ముక్కను ఫార్మలిన్‌లో ఉంచాక మైనంలో బిగించిన చిన్న దిమ్మ. దాన్నుంచి పలుచటి పొరలు కోసి స్లైడ్లు చేస్తారు. క్యాన్సరా కాదా అని చూడటానికి కొన్ని, ఏ రకమో తేల్చే ఐహెచ్‌సీ పరీక్షలకు ఇంకొన్ని. సన్నటి ముక్క అయితే జీన్ టెస్టు వంతు వచ్చేసరికి దిమ్మలో ఏమీ మిగలదు. అమ్మది అలాగే అయిపోయింది. ఒక్కోసారి ముక్క ఉన్నా అందులో క్యాన్సర్ కణాలు తక్కువుంటాయి. పెద్ద గడ్డల నడుమ చచ్చిపోయిన కణాలే ఎక్కువ కాబట్టి అక్కడ గుచ్చితే లాభం లేదు. ఒకేసారి చాలా జీన్‌లు చూసే ఎన్‌జీఎస్ పరీక్షకు ముక్కలో సుమారు 20 శాతమైనా క్యాన్సర్ కణాలు ఉండాలని చాలా ల్యాబులు అడుగుతాయి.

రెండోసారి హైదరాబాద్‌లో తీయించాం. ఆంకాలజిస్టు (క్యాన్సర్ డాక్టరు) ఫారం మీదే "జీన్ టెస్టులకు, పీడీ-ఎల్1కు కూడా కావాలి" అని రాశారు. పీడీ-ఎల్1 అంటే ఇమ్యునోథెరపీ మందులు ఎంతవరకు పనికొస్తాయో అంచనా వేసే పరీక్ష. నా దృష్టిలో అన్నిటికన్నా పనికొచ్చింది ఫారం మీది ఆ ఒక్క వాక్యమే. అది చూసి రేడియాలజిస్టు చురుకైన క్యాన్సర్ కణాలు వెలిగి కనిపించే పెట్ స్కాన్ అడిగి, గడ్డలో బాగా వెలిగిన చోటు ఎంచుకున్నారు. సన్నటి సూదితో విడి కణాలను పీల్చే ఎఫ్‌ఎన్‌ఏసీ కాకుండా, ముక్కగా తీసే కోర్ బయాప్సీ చేశారు. బయటి సూది ఒక్కసారే గుచ్చి, దాని లోపలి నుంచి ఇంకో సూదితో కొన్ని ముక్కలు తీశారు. ల్యాబు వాళ్లు వాటిని రెండు బ్లాకులుగా చేసి, ఒకటి జీన్ టెస్టుకే దాచారు.

రిస్కు లేదని చెప్పను. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరొచ్చు, దగ్గుతో రక్తం పడొచ్చు. అందుకే తీశాక ఎక్స్‌రే చూసి గానీ పంపరు. రక్తం పలుచబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి, సొంతంగా మాత్రం ఆపకండి.

అమ్మకు ఈజీఎఫ్‌ఆర్ అనే జీన్‌లో మార్పు ఉందని తేలింది. కీమో బదులు రోజూ మాత్ర రాశారు. మన దేశంలో ఈ రకం క్యాన్సర్ ఉన్నవాళ్లలో దాదాపు నలుగురిలో ఒకరికి ఈ మార్పు కనిపిస్తుంది. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నా.

నాన్నగారికి ఛాతీలో నీరు చేరి ఉంటే, ఆ నీటిలోని కణాలనే మైనంలో బిగించి సెల్ బ్లాక్ చేసి పరీక్షించొచ్చేమో అడగండి. ఎముక నుంచి ముక్క తీస్తామంటే జీన్ టెస్టుకని ముందే చెప్పండి, ఎముకను మెత్తబరిచే యాసిడ్‌తో డీఎన్‌ఏ పాడవుతుంది. సూది అసలే కుదరకపోతే రక్తంతో చేసే లిక్విడ్ బయాప్సీ ఉంది. అందులో మార్పు కనిపిస్తే మందు మొదలుపెట్టొచ్చు. కనిపించకపోతే మాత్రం లేదని అనుకోవద్దు, గడ్డ నుంచి రక్తంలోకి చాలినంత డీఎన్‌ఏ రాకపోయి ఉండొచ్చు. అప్పుడు ముక్క సంగతి డాక్టరుతో మళ్లీ మాట్లాడండి.