అడ్డగుణకారానికి ముందే అడగాల్సిన ప్రశ్న

ప్రశ్న: మా అమ్మాయి 8వ తరగతి. నిష్పత్తిని సూక్ష్మరూపంలో రాయమంటే చకచకా రాసేస్తుంది, రాత లెక్కల దగ్గరే తికమకపడుతోంది. 45ని 2:3 నిష్పత్తిలో పంచమంటే 30, 15 అని రాసింది. ‘6 మంది 10 రోజుల్లో చేసే పనిని 15 మంది ఎన్ని రోజుల్లో చేస్తారు?’ అంటే 25 అంది. ఎలా సరిదిద్దాలి?

జవాబు: ఇవి రెండు వేర్వేరు పొరపాట్లు. పంపకం లెక్కలో ఆమె 2:3ని చూసి 45లో మూడింట రెండు వంతులు తీసింది. కానీ ఇక్కడ 3 అన్నది మొత్తం కాదు, రెండో వాటా. కాగితం మీద ఒక వరుసలో 2 గడులు, దాని కింద 3 గడులు గీయించండి. మొత్తం 5 గడులు, ఒక్కో గడికి 45÷5=9. వాటాలు 18, 27. చివర్లో రెండు పరీక్షలూ చేయించాలి: కూడితే 45 రావాలి, సూక్ష్మీకరిస్తే 2:3 రావాలి. 30, 15 మొదటిదాంట్లో నెగ్గి రెండోదాంట్లో దొరికిపోతాయి, ఎందుకంటే వాటి నిష్పత్తి 2:1.

పని లెక్కలో ఆమె 6:10=15:x అని పేర్చింది. అడ్డగుణకారం (6×x=10×15) సరిగానే చేసింది, పేర్చడమే తప్పు. మనుషులు పెరిగితే రోజులు తగ్గాలి కదా! ఇక్కడ మారనిది లబ్ధం: 6×10=60. కాబట్టి 60÷15=4 రోజులు. అదే 4 గంటల్లో 240 కి.మీ. వెళ్లే బండి 7 గంటల్లో ఎంత దూరం వెళ్తుందంటే, మారనిది భాగఫలం: గంటకు 60 కి.మీ., జవాబు 420. లెక్క మొదలుపెట్టకముందే ‘ఏది మారడం లేదు?’ అని అడిగే అలవాటు చేయండి. అనులోమమా (భాగఫలం మారనిదా), విలోమమా (లబ్ధం మారనిదా) అన్నది దాంతోనే తేలుతుంది.

రెండూ కాని లెక్కలూ ఉంటాయి, అసలు చిక్కు వాటితోనే. అక్కకు 12, చెల్లికి 6 ఏళ్లయితే వయసుల నిష్పత్తి 2:1. ఆరేళ్ల తర్వాత 18, 12, అంటే 3:2. మారనిది తేడా మాత్రమే. నిష్పత్తి అన్న మాట కనబడగానే అనుపాతం (రెండు నిష్పత్తులు సమానమనే సమీకరణం) రాసేయకూడదు.

ప్రశ్న: ఎ:బి=2:3, బి:సి=4:5 అయితే ఎ:బి:సి 2:3:5 ఎందుకు కాదు?

జవాబు: బి ఒకచోట 3 భాగాలు, ఇంకోచోట 4. ముందు వాటిని సమం చేయాలి. 3, 4ల క.సా.గు. 12. మొదటి నిష్పత్తిని 4తో గుణిస్తే 8:12, రెండోదాన్ని 3తో గుణిస్తే 12:15. జవాబు 8:12:15. సమం చేయడానికి గుణకారమే వాడాలి. 2:3లో రెండు పదాలకూ ఒకటి కూడితే 3:4 అవుతుంది, అది వేరే నిష్పత్తి.