ఆంగ్ సాన్ అవకాశవాది కాదు: రంగం నుంచి తిరిగొచ్చిన ఇంటివాడి జవాబు

ప్రశ్న: బర్మా నాయకుడు ఆంగ్ సాన్ మొదట జపాన్‌తో కలిసి బ్రిటిష్‌వాళ్ళ మీద పోరాడాడు. తర్వాత బ్రిటిష్‌వాళ్ళ పక్షం చేరి జపాన్ మీద తిరగబడ్డాడు. ఇలాంటి మనిషిని విప్లవకారుడు అనాలా, అవకాశవాది అనాలా?

అవకాశవాది కాదు. ఈ ప్రశ్న మీదే మా ఇంట్లో ఇద్దరు అన్నదమ్ములు ముసలితనం వరకూ వాదించుకున్నారు. ఆ వాదన వింటూ పెరిగినవాణ్ణి కాబట్టి రాస్తున్నాను.

మా అమ్మ తరఫు తాతయ్యది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డు ఊరు. ఇంకా మీసాలు రాని వయసులో, కూలీల్ని కుదిర్చి పంపే మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని రంగం ఓడ ఎక్కాడు. రంగూన్‌ని మా వైపు పెద్దవాళ్ళు రంగం అనే అంటారు. రేవులో బియ్యం బస్తాలు మోశాడు. 1942లో జపాన్ సైన్యం వస్తోందని తెలిసి, లక్షల మంది మనవాళ్ళతో పాటు అడవుల్లోంచి, కొండల మీంచి నడిచి ఇండియా చేరాడు. ఆ దారిలో కలరాతో, ఆకలితో ఎంతమంది రాలిపోయారో ఆయన చెప్పడం మొదలుపెడితే అమ్మమ్మ మధ్యలోనే ఆపేసేది. ఆయన తమ్ముడు, మా చిన్న తాతయ్య, నడవలేదు. తెలిసిన బర్మా కుటుంబం దాచిపెడితే అక్కడే ఉండిపోయాడు. యుద్ధం అయ్యాక చిన్న కొట్టు పెట్టుకున్నాడు. 1964లో అక్కడి ప్రభుత్వం కొట్లన్నీ లాక్కున్నాక కట్టుబట్టలతో ఓడెక్కి విశాఖపట్నం వచ్చి, బర్మా క్యాంపులో స్థిరపడ్డాడు.

1991 అక్టోబర్‌లో బర్మా ప్రజాస్వామ్య నాయకురాలు ఆంగ్ సాన్ సూకీకి నోబెల్ శాంతి బహుమతి ప్రకటించారు. తాతయ్యకి అప్పటికే చూపు సరిగ్గా ఆనదు, పేపరు నేనే చదివి వినిపించేవాణ్ణి. చిన్న తాతయ్య ఇంటి అరుగు మీద కూర్చుని ఆ వార్త చదువుతుంటే "ఆంగ్ సాన్ కుమార్తె" అనే మాట వచ్చింది. తాతయ్య చెయ్యెత్తి ఆపమన్నాడు.

"ఆడి కూతురికి శాంతి బహుమతా? ఆడి సైన్యం పేరు చెప్పుకుని మనోళ్ళని దారి కాసి దోచుకున్నారు. ఎంతమందిని నరికేశారో నేను కళ్ళారా చూశాను."

"నువ్వు చూసింది 42 వరకే అన్నయ్యా," అన్నాడు చిన్న తాతయ్య. "తర్వాత ఆయన ఏం చేశాడో నేను చూశాను. బోజోక్ బతికుంటే నా కొట్టు పోయేదే కాదు."

బోజోక్ అంటే జనరల్ అని. బర్మావాళ్ళు ఆంగ్ సాన్‌ని అలాగే పిలుస్తారు. తాతయ్యకి ఆ పిలుపు వింటేనే ఒళ్ళు మండేది. "నీ డబ్బు చిత్తుకాగితాలు అయిపోయినప్పుడు ఆ నోట్ల మీద ఉన్నది ఎవడి బొమ్మరా?" అని అరిచాడు. అదీ నిజమే. 1964 మే నెలలో 50, 100 క్యాట్ల నోట్లు రద్దు చేశారు, వాటి మీద ఉన్నది ఆంగ్ సాన్ బొమ్మే. చిన్న తాతయ్య జీవితమంతా కూడబెట్టింది ఆ నోట్లలోనే ఉంది. అయినా వెనక్కి తగ్గలేదు. "బొమ్మ ఆయనది, పని నే విన్‌ది. ఆయన పోయి అప్పటికి పదిహేడేళ్ళు. ఆయన్నెందుకు తిడతావ్?" అన్నాడు. నే విన్ అంటే అప్పట్లో బర్మాని ఏలిన సైనిక పాలకుడు. ఇద్దరూ ఆ పూట అన్నం దగ్గర కూడా మాట్లాడుకోలేదు.

నేను చిన్న తాతయ్య పక్షమే. కానీ తాతయ్య కోపానికి కారణం ఉంది, దాన్ని దాటేసి ఆంగ్ సాన్‌ని పొగిడేవాళ్ళంటే నాకు నచ్చదు.

1930 మే నాటి సంగతి చూడండి. రంగూన్ రేవులో కూలీలు ఎక్కువమంది తెలుగువాళ్ళే. కూలి పెంచమని సమ్మె చేశారు. ఓడల కంపెనీల తరఫు కాంట్రాక్టర్లు బర్మావాళ్ళని పనిలోకి తెచ్చారు. తర్వాత తెలుగువాళ్ళతో రాజీ కుదిరాక, పొద్దున్నే పనికొచ్చిన బర్మా కూలీలని పొమ్మన్నారు. మే 26న గొడవ మొదలైంది. కొద్ది రోజుల్లో వందకు పైగా చనిపోయారు, ఎక్కువమంది మనవాళ్ళే. రెండు వైపులా కడుపు కాలిన కూలీలే కొట్టుకున్నారు, బస్తాకి ఇంతని లెక్కకట్టి లాభం తీసుకున్న దొరలకి చిన్న గాయం కూడా కాలేదు. ఆ అల్లర్ల వేడిలోంచే 'దొబమా అసియయోన్' అనే జాతీయవాద సంఘం పుట్టింది. అందులో చేరిన కుర్రాళ్ళు తమ పేరు ముందు 'తఖిన్', అంటే దొర, అని పెట్టుకునేవారు. ఆంగ్ సాన్ పెద్దవాడైంది ఆ సంఘంలోనే. అల్లర్ల నాటికి ఆయన బడిపిల్లాడు, ఆ నెత్తురుతో ఆయనకి సంబంధం లేదు. కానీ ఆయన ఎక్కిన మెట్టు మన కూలీల చావు పక్కన కట్టింది. ఆంధ్రా చరిత్ర పుస్తకాల్లో దీని గురించి ఎంత రాశారు? ఉప్పు సత్యాగ్రహం జరుగుతున్న నెలలోనే రంగూన్‌లో ఇంతమంది తెలుగువాళ్ళు చనిపోతే, నేను చదువుకున్న బడిలో ఒక్క వాక్యం కూడా చెప్పలేదు. 1931 జనాభా లెక్కల్లో ఆ నగరంలో సగానికి పైగా భారతీయులే. మన పల్లెల్లో మాత్రం "రంగం వెళ్ళి డబ్బు చేసుకున్నారు, బర్మా టేకుతో మేడలు కట్టారు" అనే కథే మిగిలింది. మేడ కట్టినవాడు నూటికొకడు. మిగిలినవాళ్ళు మేస్త్రీ అప్పు తీర్చడానికే బతుకంతా బస్తాలు మోశారు.

ఇక ఆంగ్ సాన్. 1936లో రంగూన్ యూనివర్సిటీలో విద్యార్థుల పత్రికకి సంపాదకుడు. ఒక అధికారిని ఏకిపారేస్తూ వచ్చిన వ్యాసం రాసిందెవరో చెప్పమన్నారు. చెప్పలేదు. యూనివర్సిటీ నుంచి తీసేస్తామన్నా చెప్పలేదు. దాంతో పెద్ద విద్యార్థి సమ్మె జరిగింది. అవకాశవాది అయితే ఆ ఒక్క పేరు చెప్పి బయటపడేవాడు.

1940లో మన రామ్‌గఢ్ కాంగ్రెస్ సభకి వచ్చి వెళ్ళాడు. అదే ఏడాది అరెస్టు వారెంటు ఉంటే తప్పించుకుని ఓడలో చైనాలోని అమోయ్ చేరాడు. అక్కడ జపాన్‌వాళ్ళు పట్టుకుని టోక్యో తీసుకెళ్ళారు. ఆయనా, ఆయన స్నేహితులూ కలిపి ముప్పైమంది హైనాన్ దీవిలో సైనిక శిక్షణ పొందారు. 1941 డిసెంబర్‌లో బ్యాంకాక్‌లో నెత్తురు కలుపుకుని తాగి ప్రమాణం చేసి, బర్మా ఇండిపెండెన్స్ ఆర్మీ మొదలుపెట్టారు. ఈ సైన్యం వచ్చినప్పుడే, దాని పేరు చెప్పుకున్న మూకలు మనవాళ్ళని దోచుకున్నది. తటోన్ దగ్గర బ్రిటిష్‌వాళ్ళకి అనుకూలుడని ఒక గ్రామపెద్దకి మరణశిక్ష వేసి, ఆంగ్ సాన్ తన చేతులతోనే అమలు చేశాడు. ఆ గ్రామపెద్ద భారతీయ ముస్లిం. తర్వాత అడిగినప్పుడు ఆంగ్ సాన్ దాన్ని దాచలేదు. దాచకపోవడం వల్ల తప్పు ఒప్పైపోదు. తాతయ్య ఈ మాట అన్నప్పుడు చిన్న తాతయ్య దగ్గర జవాబు ఉండేది కాదు, నా దగ్గరా లేదు.

జపాన్ 1943 ఆగస్టులో స్వాతంత్ర్యం ఇచ్చామంది. ఆంగ్ సాన్ యుద్ధమంత్రి అయ్యాడు. పేరుకే స్వాతంత్ర్యం, పెత్తనమంతా జపాన్ సైన్యానిదే అని అర్థమయ్యాక 1944లో రహస్యంగా ఫాసిస్ట్ వ్యతిరేక కూటమి కట్టాడు. 1945 మార్చి 27న జపాన్ మీదే తుపాకీ ఎత్తాడు.

మీరు అవకాశవాదం అంటున్నది దీన్నే. ఇదే మాట ఆయన ముఖం మీదే ఒకరు అన్నారు. 1945 మేలో బ్రిటిష్ జనరల్ స్లిమ్‌ని కలవడానికి మెయిక్తిలా వెళ్ళాడు. ఇంచుమించు జపాన్ సైన్యానిదే యూనిఫాం, నడుముకి కత్తి. చుట్టూ ఉన్న బ్రిటిష్ అధికారులకి మతి పోయింది. నీ మీద హత్య కేసు ఉంది, సాక్షులు కూడా ఉన్నారు, నీకు ఏమీ కాదని రాతపూర్వకంగా ఎవరూ హామీ ఇవ్వలేదు, ఇలా రావడం ప్రమాదం అనిపించలేదా అని స్లిమ్ అడిగాడు. లేదన్నాడు. ఎందుకంటే, మీరు బ్రిటిష్ అధికారి కాబట్టి అన్నాడు. మేం గెలుస్తున్నాం కాబట్టే మా దగ్గరికి వచ్చావు కదా అన్నాడు స్లిమ్. మీరు గెలవకపోతే మీ దగ్గరికి వచ్చి ఏం లాభం అని ఆంగ్ సాన్ తిరిగి అడిగాడు. ఇదంతా స్లిమ్ స్వయంగా రాసుకున్నదే. ఆ నిజాయితీ ఆయనకి నచ్చింది.

ముప్పై ఏళ్ళ కుర్రాడు, తనని ఉరి తీయగల మనిషి ముందు నిలబడి, ఉన్నదున్నట్టు చెప్పాడు. అవకాశవాది అయితే "నాకు మొదట్నుంచీ మీరంటేనే అభిమానం" అనేవాడు. బర్మాకి స్వాతంత్ర్యం కావాలి, దానికి ఎవరు పనికొస్తే వాళ్ళతో కలుస్తాను, పనికిరాకపోతే వదిలేస్తాను అని బాహాటంగా చెప్పినవాణ్ణి ఆ మాట ఎలా అంటాం? మన నేతాజీ కూడా జపాన్ సాయం తీసుకున్నాడు. ఆయన్ని దేవుడిలా కొలిచే వాళ్ళే ఆంగ్ సాన్ని ద్రోహి అంటుంటే నాకు బాధగా ఉంటుంది.

నా దృష్టిలో అసలు విషయం ఆ తర్వాతే ఉంది, దాని గురించి ఎవరూ అడగరు. 1945 సెప్టెంబర్‌లో శ్రీలంకలోని క్యాండీలో బ్రిటిష్‌వాళ్ళు ఆయనకి కొత్త బర్మా సైన్యంలో బ్రిగేడియర్ హోదా ఇస్తామన్నారు. వద్దన్నాడు. యూనిఫాం విప్పేసి రాజకీయాల్లోకి వచ్చాడు. సైన్యం కట్టినవాడే సైన్యంలో ఉండి రాజకీయం చేయకూడదనుకున్నాడు. ఆసియాలో ఆ తరం వాళ్ళలో ఇంత పెద్ద నిర్ణయం ఇంకొకటి నాకు కనిపించదు. చిన్న తాతయ్య ఆయన్ని ఆ రోజుల్లోనే ఒక సభలో చూశాడు. నలిగిన బట్టలు, గంటల తరబడి ప్రసంగం, అయినా జనం కదల్లేదని చెప్పేవాడు.

1946 సెప్టెంబర్‌లో సమ్మెలతో రంగూన్ స్తంభించిపోతే, గవర్నర్ రాన్స్ ఆయన్ని పిలిచి కార్యనిర్వాహక మండలిలో తనకి ఉపాధ్యక్షుణ్ణి చేశాడు. 1947 జనవరిలో లండన్ వెళ్తూ ఢిల్లీలో ఆగాడు. లండన్ చలికి తట్టుకోలేవని నెహ్రూ ఆయనకి దళసరి కోటు ఇచ్చాడు. ఫోటోల్లో ఒంటికి పెద్దదిగా కనిపించే కోటు అదే. జనవరి 27న బ్రిటన్ ప్రధాని అట్లీతో ఏడాది లోపు స్వాతంత్ర్యం అని ఒప్పందం చేసుకున్నాడు. ఫిబ్రవరి 12న పాంగ్లాంగ్‌లో, కొండప్రాంతాల షాన్, కచిన్, చిన్ జాతుల నాయకులతో కలిసి ఒకే దేశంగా ఉందామనే ఒప్పందం మీద సంతకాలు చేయించాడు. ఏప్రిల్ ఎన్నికల్లో ఆయన కూటమి తిరుగులేకుండా గెలిచింది. ఇదంతా నాలుగు నెలల్లో, ఒక్క తూటా పేల్చకుండా.

జులై 19 ఉదయం సెక్రటేరియట్‌లో మండలి సమావేశం జరుగుతుండగా ముష్కరులు చొరబడి కాల్చేశారు. ఆయన వయసు 32. ఆయనతో పాటు ఆరుగురు సహచరులు, ఒక అధికారి, ఒక అంగరక్షకుడు చనిపోయారు. ఆ ఆరుగురిలో ఒకరు విద్యాశాఖ చూసిన అబ్దుల్ రజాక్, తండ్రి తమిళ ముస్లిం. తాతయ్య నమ్మినట్టు ఆంగ్ సాన్ మనవాళ్ళని ద్వేషించేవాడే అయితే ఆ బల్ల దగ్గర రజాక్‌కి కుర్చీ ఉండేది కాదు. హంతకుల్ని పంపింది మాజీ ప్రధాని ఊ సా. లండన్‌లో ఆ ఒప్పందం మీద సంతకం పెట్టనన్నది కూడా ఆయనే. 1948లో ఉరి తీశారు.

హైనాన్‌లో శిక్షణ పొందిన ఆ ముప్పైమందిలో ఒకడే నే విన్. 1962లో సైన్యంతో అధికారం లాక్కున్నాడు, 1964లో మావాళ్ళ కొట్లు లాక్కున్నాడు. బోజోక్ బతికుంటే అలా జరిగేది కాదన్న చిన్న తాతయ్య మాట నేనూ నమ్ముతాను. నే విన్‌ని ఆపగల అధికారం ఆ దేశంలో ఆయన ఒక్కడికే ఉండేది. జపాన్ మీద తిరుగుబాటు మొదలైన మార్చి 27ని ఆ సైన్యం తన పండుగగా చేసుకుంటుంది. 2021లో అదే రోజున వీధుల్లో సొంత జనాన్ని వంద మందికి పైగా కాల్చి చంపింది. ఆయన బొమ్మ పెట్టుకుంటారు, ఆయన యూనిఫాం ఎందుకు విప్పాడో మాత్రం గుర్తుపెట్టుకోరు. మన టీవీ వార్తల్లో కూడా ఆయన్ని "సూకీ తండ్రి" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు.

ఆయన్ని నిలదీయాలనుకుంటే జపాన్ గురించి కాదు, బర్మాలోని మరో జాతి కరెన్‌ల గురించి నిలదీయండి. పాంగ్లాంగ్ ఒప్పందం మీద వాళ్ళ సంతకం లేదు, ఏప్రిల్ ఎన్నికలని వాళ్ళ ప్రధాన సంఘం బహిష్కరించింది. 1942లో ఆయన సైన్యం కరెన్ ఊళ్ళలో చేసిన చంపుళ్ళని వాళ్ళు మర్చిపోలేదు, మా తాతయ్య మర్చిపోనట్టే. వాళ్ళని ఒప్పించడానికి ఆయనకి టైం లేకపోయింది, ఉన్న టైంలోనూ చేయాల్సినంత చేయలేదని నా అభిప్రాయం. 1949 జనవరిలో కరెన్‌లు ఆయుధాలు పట్టారు. ఆ యుద్ధం ఇంకా నడుస్తూనే ఉంది.