‘మమ అనిపించడం’ అనే మాట ఎక్కడిది?

పనిని ఏదో అయిందంటే అయిందన్నట్టు చేసి వదిలేస్తే ‘మమ అనిపించాడు’ అంటాం కదా, ఆ మాట ఎలా పుట్టిందని అడిగారు. పూజ పీటల మీద పుట్టింది. సంకల్పంలో పురోహితుడు ‘మమ ఉపాత్త దురిత క్షయ ద్వారా...’ అంటూ మొత్తం తనే గడగడా చదివేసి, కూర్చున్నాయన వైపు తిరిగి ‘మమ అనండి’ అంటాడు. సంస్కృతంలో మమ అంటే ‘నా యొక్క’ అని. అర్థం తెలిసినా తెలియకపోయినా ఆయన ‘మమ’ అంటాడు, తంతు ముందుకు సాగిపోతుంది.

ఇందులో ఒక సంగతి నాకు చాలా ఆలస్యంగా వెలిగింది. మనం ‘మమ అన్నాడు’ అనం, ‘అనిపించాడు’ అంటాం. అంటే అనిపించేది పని చేసేవాడు, అనేది చేయించుకునేవాడు! మా బాత్రూమ్ టైల్స్ మార్పించినప్పుడు మేస్త్రీ (ఇది పోర్చుగీసు నుంచి వచ్చిన మాట, గురువు అని అర్థమట, సరే) టైల్ కింద సిమెంటు నిండుగా పరవకుండా నాలుగు మూలలా ముద్దలు పెట్టి అతికించేశాడు. తడితే డొల్ల శబ్దం, నాకు వినపడింది కూడా. ‘ఆరితే సెట్ అయిపోద్ది సార్, చూసుకోండి’ అన్నాడు, నేను చూసుకున్నట్టు తలూపి డబ్బులిచ్చేశాను. ఆ తలూపడమే నా మమ. కొన్నాళ్ళకే రెండు టైల్స్ లేచిపోయాయి.

‘మొక్కుబడి’దీ ఇదే దారి. అసలు అర్థం దేవుడికి మొక్కుకున్న మొక్కు. భక్తితో తీర్చుకోవాల్సింది కాస్తా బాకీ వదిలితే చాలన్నట్టు చేసే పనికి పేరైపోయింది.

నాసిరకం పనిని ఇంగ్లీషులో ‘షాడీ’ (shoddy) అంటారు కదా, ఆ మాట మాత్రం పూజలో కాదు, మిల్లులో పుట్టింది. పాత ఉన్ని బట్టలు చింపి, పోగులు చేసి మళ్ళీ నేసిన బట్ట పేరు అది, ఇంగ్లండ్‌లోని బ్యాట్లీలో 1813లో మొదలైందని చెబుతారు. అమెరికా అంతర్యుద్ధంలో (1861-65) ఆ బట్టతో కుట్టిన యూనిఫారాలు సైనికుల ఒంటి మీదే చిరిగిపోవడంతో పేరు చెడింది. పాత బట్టల నుంచి నూలు తీసే హర్యానాలోని పానిపట్‌లో ఇప్పటికీ ఆ నూలును షాడీ అనే అంటారు, అక్కడ అది తిట్టు కాదు, బతుకుతెరువు. ఇంకోటి, నాసిరకం కట్టడాన్ని ‘జెర్రీ బిల్ట్’ అనడం ప్రపంచ యుద్ధాల్లో జర్మన్లను జెర్రీలనడం వల్ల వచ్చిందని ఎవరైనా చెబితే నమ్మకండి, ఆ మాట 1869కే అచ్చులో ఉంది.

రెండోసారి టైల్స్ వేయించినప్పుడు ఒక్కోదాన్నీ రూపాయి బిళ్ళతో తట్టి చూశాకే సరే అన్నాను. కొత్త మేస్త్రీకి బాగానే విసుగొచ్చింది.